పాటకు తూకం

శ్రీశైలంలో శివభక్తులు పాడిన పాటలను 13వ శతాబ్దంలో పాల్కురికి సోమనాథుడు ‘పండితారాధ్య చరిత్ర’ పర్వత ప్రకరణంలో పేర్కొన్నాడు. తుమ్మెద పదాలు, వెన్నెల పదాలు, గొబ్బి పదాలు, వాలేశు పదాలు అంటూ ఆ పట్టిక సాగుతుంది. ఆయన వాటికి మార్కులు వేయలేదు.

నేటి పత్రికా సమీక్షకుడు మాత్రం కొత్త ఆల్బమ్‌కు తీర్పు చెప్పక తప్పదు. 2000లో వెలువడిన స్మిత ‘హాయ్ రబ్బా’ వంటి పాప్ ఆల్బమ్‌లను తూచడం సినిమా పాటను తూచినంత సులభం కాదు. సినిమా పాటకు సన్నివేశం ఊతమిస్తుంది. ఆల్బమ్ పాటకు ఆ ఆసరా లేదు. గాత్రం, బాణీ, సాహిత్యం తమంతట తాము నిలబడాలి. కనుక మంచి సమీక్షకుడు ఉచ్చారణను గమనిస్తాడు. తాళం కోసం మాటను విరిచి అర్థాన్ని బలిచేశారా అని పరిశీలిస్తాడు. పాటలన్నింటికీ ఒకే దరువు వాడితే ఆ సంగతి దాచడు. ఇవేవీ చెప్పక ఐదింట మూడు నక్షత్రాలు వేసి ఊరుకుంటే గాయనికీ, డబ్బు పెట్టి కొనే శ్రోతకూ అన్యాయమే.

వినిపించినదాన్ని వర్ణించడమే సమీక్షలో కష్టమైన పని. గొబ్బి పాటలు నేటికీ సంక్రాంతికి వినబడుతున్నాయి. వాలేశు పదాలకు పేరు మాత్రమే మిగిలింది. వాటి బాణీని గూర్చి సోమనాథుడు రెండు మాటలు వ్రాసి ఉంటే ఎంత బాగుండేది!