పెట్టెలోని వజ్రం ఎవరిది?

ఒక పెట్టె ఉంది. అందులో ఒకే ఒక వజ్రం ఉంది. పెట్టెకు ఈ పక్క తమ్ముడు, ఆ పక్క అక్క నిలబడి ఉన్నారు. ఇద్దరూ ఒక్కసారే మూత తీశారు. ఒక్కసారే వజ్రం మీద చెయ్యి వేశారు. అది ఎవరికి దక్కుతుంది?

“ఎవరి చెయ్యి ముందు పడితే వారికి” అంటారు మీరు. మన ఇంట్లో పెట్టె అయితే అంతే. కాని ఈ పెట్టె మైన్‌క్రాఫ్ట్ అనే వీడియో ఆటలోది. తమ్ముడు గుంటూరులో తన గదిలో కూర్చుని ఆడుతున్నాడనుకోండి. అక్క, అంటే వాళ్ళ పెదనాన్నగారి అమ్మాయి, అమెరికాలోని న్యూజెర్సీ నుంచి ఆడుతోంది. ఇద్దరికీ మధ్య పదమూడు వేల కిలోమీటర్ల పైచిలుకు దూరం. వజ్రం మటుకు ఇద్దరి తెరల మీదా మిలమిల మెరుస్తోంది. మరి ఇప్పుడు “ముందు” అంటే ఏమిటి? ఎవరి గడియారం ప్రకారం ముందు?

ఆట తెలియనివారి కోసం రెండు మాటలు చెప్పి అసలు సంగతికి వస్తాను. మైన్‌క్రాఫ్ట్‌ను మొదలుపెట్టినవాడు స్వీడన్ దేశస్థుడు మార్కస్ పెర్సన్. 2009 మే నెలలో దాన్ని మొదటిసారి జనం ముందుకు తెచ్చాడు. పూర్తి రూపం 2011 నవంబరులో వెలువడింది. 2023 నాటికి 30 కోట్లకు పైగా ప్రతులు అమ్ముడయ్యాయి. ఇందులో లోకమంతా దిమ్మలతో కట్టి ఉంటుంది. ఒక్కో దిమ్మ పొడవు, వెడల్పు, ఎత్తు మీటరు చొప్పున. రాయి ఒక దిమ్మ, మట్టి ఒక దిమ్మ, చెట్టు మానులో ఒక ముక్క ఒక దిమ్మ. పలుగుతో తవ్వుకోవచ్చు, తవ్విన దిమ్మను మరోచోట పేర్చి ఇల్లో, వంతెనో, కోటో కట్టుకోవచ్చు. ఏటి ఒడ్డున ఇసుకలో పిచ్చుకగూళ్ళు కట్టుకునే ఆట లేదూ, అదే ఇది. ఒక్కరే కట్టుకోవచ్చు, పదిమంది కలిసీ కట్టుకోవచ్చు. ఈ ఆటలో రకాలున్నాయి. నేను చెప్పే అంకెలు జావా ఎడిషన్ అనే రకానివి.

ఇంతకీ ఆ పెట్టె ఉన్న లోకం ఎక్కడుంది? తమ్ముడి కంప్యూటర్‌లోనా, అక్క కంప్యూటర్‌లోనా? రెంటిలోనూ కాదు. మూడో కంప్యూటర్ ఒకటుంది. దాన్ని సర్వర్ అంటారు. సర్వర్ అనగానే హోటల్లో ఇడ్లీ తెచ్చిపెట్టేవాడు గుర్తొస్తాడు కదా! పోలిక తప్పేమీ కాదు. అడిగినవాళ్ళకు అడిగింది అందించడమే దీని పని కూడా. అయితే ఈ సర్వర్ వడ్డన ఒక్కటే కాదు, లెక్కల పుస్తకం కూడా తనే రాస్తుంది. ఏ చోట ఏ దిమ్మ ఉంది, ఏ పెట్టెలో ఏ వస్తువు ఉంది, ఎవరు ఎక్కడ నిలబడ్డారు అన్నదంతా ఆ పుస్తకంలో ఉంటుంది. అక్క, తమ్ముడు తమ తెరల మీద చూసేది ఆ పుస్తకానికి నకలు మాత్రమే.

పలువురు కలిసి ఒకే లోకంలో ఆడడం పాత ముచ్చటే. 1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా అనే విద్యార్థి మడ్ అనే ఆట తయారుచెయ్యడం మొదలుపెట్టాడు. తర్వాత రిచర్డ్ బార్టిల్ దాన్ని పెంచాడు. అందులో బొమ్మలే లేవు, అన్నీ మాటలే. “మీరొక ఇరుకు దారిలో ఉన్నారు” వంటి వర్ణన తెర మీద వచ్చేది. ఆడేవాళ్ళందరూ ఒకే పెద్ద కంప్యూటర్‌ను వాడుకునేవారు. లోకానికి నకళ్ళు లేవు కాబట్టి నకళ్ళ తగవూ లేదు. ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ ఒక నకలు. తంటా అక్కడ వచ్చింది.

నకలు పంపడమంటే సామాన్యం కాదు సుమండీ. మైన్‌క్రాఫ్ట్ లోకం నడిబొడ్డు నుంచి నాలుగు వైపులకూ సుమారు 3 కోట్ల దిమ్మల దూరం దాకా పోతుంది. అంటే ఈ కొస నుంచి ఆ కొసకు 60,000 కిలోమీటర్లు. వైశాల్యం 360 కోట్ల చదరపు కిలోమీటర్లు. మన భూగోళం ఉపరితలం మొత్తం, సముద్రాలతో సహా, 51 కోట్లే! ఆటలోని లోకం దానికి ఏడు రెట్లు. ఇంతటిదాన్ని ఏ కంప్యూటర్ దాచగలదు? దాచదు. ఒక పెద్ద సంఖ్యను మాత్రం దాచుకుంటుంది. దానికి సీడ్ అని, అంటే విత్తనమని, పేరు. ఆ సంఖ్యను కొన్ని గణిత సూత్రాలలో వేస్తే ఇక్కడ కొండ, అక్కడ ఏరు అని తేలుతుంది. ఏ విత్తు నాటితే ఆ చెట్టే మొలిచినట్టు, ఒకే సంఖ్య నుంచి ఎన్నిసార్లు లెక్కకట్టినా అవే కొండలు, అవే ఏర్లు వస్తాయి. ఆటగాడు ఒక దిక్కుకు నడిచినప్పుడే అక్కడి నేలను సర్వర్ లెక్కకట్టి పుట్టిస్తుంది. ఎవరూ తొంగిచూడని చోటు ఇంకా పుట్టనే లేదన్నమాట.

పుట్టిన నేలను 16 దిమ్మల పొడవు, 16 దిమ్మల వెడల్పు ఉన్న ముక్కలుగా కోసి పంపుతారు. ఎత్తు అడుగు నుంచి పైదాకా 384 దిమ్మలు. గుణించి చూడండి: ఒక్క ముక్కలో 98,304 దిమ్మల చోటు ఉంది. చుట్టూ పది ముక్కల దూరం కనిపించాలంటే 21×21, అంటే 441 ముక్కలు కావాలి. నాలుగు కోట్ల ముప్ఫయిమూడు లక్షల దిమ్మలు! ప్రతిదాని పేరూ రాసి పంపితే తెల్లవారిపోతుంది. అందుకని ఒక ఉపాయం. ముక్కలో కొంత భాగానికి ముందుగా చిన్న జాబితా పంపుతారు: 0 అంటే గాలి, 1 అంటే రాయి, 2 అంటే మట్టి. తర్వాత వరసగా అంకెలే. ఆ భాగమంతా గాలే అయితే “అంతా గాలి” అని ఒక్క మాటతో సరి. నకలు ఒకసారి చేరాక మార్పులు మాత్రమే పంపుతారు. ఫలానా చోట రాయి పోయింది, ఫలానా చోట దీపం వచ్చింది, అంతే.

ఈ మార్పులన్నిటినీ సర్వర్ ఒక తాళం ప్రకారం చూస్తుంది. సెకనుకు 20 సార్లు దాని గడియారం టిక్కుమంటుంది. ఒక్కో టిక్కు సెకనులో ఇరవయ్యో వంతు. ఆటలో ఒక పగలూ రాత్రీ కలిసి 24,000 టిక్కులు, అంటే సరిగ్గా 20 నిమిషాలు. టిక్కు టిక్కుకూ సర్వర్ పైరు పెంచాలి, నీరు పారించాలి, కోళ్ళను నడిపించాలి. కొంతమంది ఆటగాళ్ళు సరదాకి ఒకే గదిలో వేలకొద్దీ కోళ్ళను కుక్కుతారు. అప్పుడు సర్వర్‌కు ఒక్క టిక్కు పని ముగించడానికి రెండింతలు సమయం పట్టిందనుకోండి. ఏమవుతుంది? రోజు 40 నిమిషాలకు సాగుతుంది. కోళ్ళ బరువుకు సూర్యుడు నెమ్మదిస్తాడు! మన లోకంలో ఎన్ని కోళ్ళు పెంచినా ఈ వింత జరగదు.

ఇప్పుడు మన తగవుకు వద్దాం. సర్వర్ ముంబాయిలో ఉందనుకోండి. గుంటూరు నుంచి అక్కడికి సుమారు 860 కిలోమీటర్లు. న్యూజెర్సీ నుంచి సుమారు 12,500. సందేశాలు గాజు తీగలలో కాంతి రూపంలో ప్రయాణం చేస్తాయి. శూన్యంలో సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లు పరుగెత్తే కాంతి, గాజులో రెండు లక్షలే పరుగెత్తగలదు. లెక్క వెయ్యండి. తమ్ముడి సందేశానికి సెకనులో వెయ్యింట నాలుగు వంతులు చాలు. అక్క సందేశానికి అరవై రెండు కావాలి. టిక్కు వ్యవధి యాభయ్యే కదా! అంటే గీత గీసినట్టు తిన్నగా వచ్చినా ఒక టిక్కు దాటిపోతుంది. నిజానికి కేబుళ్ళు సముద్రాల అడుగున చుట్టుతిరిగి వస్తాయి. దారి పొడుగునా ఎన్నో యంత్రాలు సందేశాన్ని అందుకుని ముందుకు పంపుతుంటాయి. రానూపోనూ కలిపి సెకనులో అయిదో వంతు పట్టడం మామూలే. ఎంత ఖరీదైన కంప్యూటర్ కొన్నా కాంతి వేగం పెరగదు.

అయితే అక్క చెయ్యి కదిపి, ముంబాయి నుంచి జవాబు వచ్చేదాకా కాచుకుని కూర్చుంటే ఆట నత్తనడక నడుస్తుంది. అందుకని ఆమె కంప్యూటర్ చిన్న సాహసం చేస్తుంది. “సర్వర్ సరేనంటుందిలే” అని అనుకుని వజ్రం ఆమె చేతిలోకి వచ్చినట్టు ముందే చూపించేస్తుంది. తమ్ముడి కంప్యూటరూ అదే చేస్తుంది. సెకనులో చిన్న వంతు కాలం పాటు ఒకే వజ్రం ఇద్దరి చేతుల్లోనూ ఉంటుంది! ఇంతలో సర్వర్ తనకు మొదట చేరిన సందేశాన్ని పుస్తకంలో ఎక్కిస్తుంది. అది తమ్ముడిది. రెండోది చేరేసరికి పెట్టె ఖాళీ. “లేదు” అన్న జవాబు న్యూజెర్సీ చేరుతుంది. అక్క చేతిలోని వజ్రం మాయమవుతుంది. తవ్విన రాయి మళ్ళీ మొలవడం, నాలుగడుగులు నడిచాక రబ్బరు తాడుతో లాగినట్టు వెనక్కి వచ్చి పడడం ఈ ఆట ఆడినవారికి తెలుసు. అవన్నీ ఇదే బాపతు. దెయ్యమూ లేదు, మాయా లేదు. ముందుగా వేసిన ఊహ తప్పింది, అంతే.

చిక్కేమిటంటే, అక్క నిజంగానే ముందు చెయ్యి వేసి ఉండవచ్చు. ఆమె సెకనులో ఇరవయ్యో వంతు ముందే నొక్కినా సరే, దూరం వల్ల ఓడిపోతుంది. “ప్రతి సందేశం మీదా నొక్కిన సమయం రాసి పంపితే పోదా?” అని మీలో ఎవరైనా అడగవచ్చు. మంచి ప్రశ్న. కాని అందుకు అన్ని గడియారాలూ ఒక్కలా నడవాలి. తన గడియారాన్ని కాస్త వెనక్కి తిప్పుకునే గడుగ్గాయి ఒకడు ఉండకుండా పోడు. పైగా వెనకాల ఇంకా పాత సందేశం వస్తుందేమోనని సర్వర్ ప్రతి నిర్ణయానికీ ఆగవలసి వస్తుంది.

మడ్ ఆట పుట్టిన ఆ 1978లోనే లెస్లీ లాంపోర్ట్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు ఈ చిక్కు మీద ఒక ప్రసిద్ధ వ్యాసం ప్రచురించాడు. దూరదూరంగా ఉన్న కంప్యూటర్లలో జరిగిన రెండు పనుల్లో ఏది ముందో అన్నివేళలా చెప్పలేమన్నాడు. ఒక్కటి మాత్రం ఖాయం: ఉత్తరం అందుకోవడం కన్నా దాన్ని రాయడం ముందు జరుగుతుంది. ఈ చిన్న నిజం పట్టుకుని పనులను వరసలో పెట్టే పద్ధతి చూపించాడు. 2013 సంవత్సరపు ట్యూరింగ్ బహుమతి ఆయనకు వచ్చింది. మైన్‌క్రాఫ్ట్ సర్వర్ ఇంకా మొరటు పద్ధతి పాటిస్తుంది. తన గుమ్మం దగ్గరికి ఎవరు ముందు వస్తే వారే ముందు. ఇది న్యాయమని నేననను. అందరికీ ఒకే జవాబు దొరుకుతుంది, అదీ దీని గొప్ప. కంప్యూటర్లు రాకముందు రైల్వే రిజర్వేషన్ కౌంటర్లలో బెర్తులు రాయడానికి పుస్తకాలుండేవి. ఒక బెర్తు ఒక్క పుస్తకంలోనే ఉన్నంతకాలం ఇద్దరికి అమ్ముడుపోదు. అదే బెర్తు రెండు పుస్తకాల్లో ఉందో, ప్లాట్‌ఫారం మీద రభసే.

పుస్తకం ఒక్కటే అయినా ప్రమాదం పూర్తిగా పోలేదు. సర్వర్ పెట్టెల లెక్కను ఒక ఫైలులో, ఆటగాళ్ళ సంచుల లెక్కను మరో ఫైలులో దాస్తుంది. తమ్ముడు వజ్రం తీసుకున్నాడు. సంచి ఫైలు రాయడం అయింది. పెట్టె ఫైలు రాసేలోగా కరెంటు పోయింది! మళ్ళీ వెలిగేసరికి సంచిలో ఒక వజ్రం, పెట్టెలో ఒక వజ్రం. రాయడం అటు నుంచి మొదలైతే రెండు చోట్లా సున్నా. ఆటలో ఇది నవ్వులాట. అదే వజ్రం బదులు మీ నాన్నగారి జీతం అనుకోండి, ఒక ఖాతాలో నుంచి మరో ఖాతాలోకి వెళుతూ మధ్యలో చిక్కుకుంటే? బ్యాంకుల కంప్యూటర్లు అందుకే రెండు మార్పులూ కలిసి జరగాలి, లేకపోతే ఏదీ జరగకూడదు అనే నియమం పాటిస్తాయి. చెయ్యబోయే పనిని ముందు ఒక చిట్టాలో రాసుకుంటాయి. మధ్యలో ఆగిపోతే లేచి చిట్టా చూసుకుని పని ముగిస్తాయి, లేదా మొదటికి తెస్తాయి. ఈ పద్ధతులకు పునాదులు వేసినవారిలో జిమ్ గ్రే ముఖ్యుడు. ఆయనకు 1998లో ట్యూరింగ్ బహుమతి ఇచ్చారు.

ఇదంతా కంప్యూటర్ లేకుండా మీ బడిలోనే ఆడి చూడవచ్చు. అయిదుగురు కావాలి: ఇద్దరు ఆటగాళ్ళు, ఇద్దరు దూతలు, ఒక సర్వర్. ముగ్గురికి పది గళ్ళు నిలువు, పది గళ్ళు అడ్డం గీసిన కాగితాలివ్వండి. ఆటగాళ్ళను వేర్వేరు గదుల్లో కూర్చోబెట్టండి. ఖాళీ గడి కనిపిస్తే ఆటగాడు అందులో తన గుర్తు వేసుకుని, గడి సంఖ్య చీటీ మీద రాసి దూతకు ఇవ్వాలి. జవాబు కోసం ఆగకుండా మరో గడికి పోవాలి. సర్వర్ చీటీలను వచ్చిన వరసలోనే చూసి, గడి ఖాళీగా ఉంటేనే తన కాగితం మీద గుర్తు వేసి, ఇద్దరు దూతల ద్వారా ఇద్దరికీ ఆ సంగతి కబురు పెట్టాలి. కబురు అందిన ఆటగాడు తన కాగితాన్ని దాని ప్రకారం దిద్దుకోవాలి. ఒక దూతను తిన్నగా రమ్మనండి. రెండోవాణ్ణి ప్రతిసారీ వరండా చివరిదాకా వెళ్ళి తిరిగి రమ్మనండి. అయిదు నిమిషాలయ్యాక “ఆగండి” అని కేకవేసి, ఎక్కడి చీటీలు అక్కడే ఉండగా, మూడు కాగితాలనూ పక్కపక్కన పెట్టి ఎన్ని గళ్ళలో తేడా ఉందో లెక్కపెట్టండి.