నీళ్లు మాట్లాడితే నువ్వేం చేస్తావు? – ట్వైన్‌లో కొమ్మల కథ

చందమామ బేతాళ కథల ఏర్పాటు మీకు గుర్తుండే ఉంటుంది. విక్రమార్కుడు శవాన్ని భుజాన వేసుకుని నడుస్తుంటే బేతాళుడు కథ చెప్పి ప్రశ్న వేస్తాడు. జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది. చెబితే మౌనభంగమై బేతాళుడు మళ్లీ చెట్టెక్కుతాడు. ఇది మా తమ్ముడికి చెబితే, "అంటే ప్రతిసారీ గేమ్ మొదటికే వచ్చేస్తుందా!" అన్నాడు. వాడి బుర్రంతా గేములే. కానీ మాట సరైనదే. బేతాళ పంచవింశతి చివర్లో రాజుకు నిజంగానే జవాబు తెలియదు, అందుకే నోరు మూసుకోగలుగుతాడు, అప్పుడే ఆట ముగుస్తుంది.

రాజు బదులు చదివేవాళ్లే జవాబు ఎంచుకుంటే? అలాంటిదాన్ని నేను కొమ్మల కథ అంటున్నాను. కంప్యూటర్ మీద ఇది కొత్తదేమీ కాదు. అమెరికాలో విల్ క్రౌథర్ అనే ప్రోగ్రామర్, గుహల్లో తిరగడం ఆయన సరదా, 1970లలో 'అడ్వెంచర్' అనే ఆట రాశాడు. కెంటకీలోని మామత్ గుహల్లో ఆయన చూసిన దారులే అందులోని దారులు. 1977లో డాన్ వుడ్స్ దాన్ని పెంచాడు. బొమ్మలు లేవు, అంతా అక్షరాలే. ఒకటి రెండు మాటల్లో మనం ఆజ్ఞ టైపు చేయాలి, యంత్రం ఏం జరిగిందో చెబుతుంది.

తెలుగులో ఈ పద్ధతి ఎంత కష్టమో ఒక్క దీపంతో చూడండి. దీపం తీసుకో, దీపాన్ని తీస్కో, దీపం పట్టుకో. మా అవ్వైతే 'దీపం ఎత్తుకో' అంటుంది. యంత్రానికి ఇవన్నీ ఒకటేనని ముందే నేర్పాలి. అందుకే మనకు టైపు చేసే ఆట కన్నా నొక్కే ఆట నయం అనిపించింది. దానికి పనికొచ్చేది ట్వైన్. 2009లో క్రిస్ క్లిమస్ తయారుచేశాడు, ఉచితం, బ్రౌజర్‌లోనే నడుస్తుంది. బ్లాక్ మిర్రర్‌లో 'బ్యాండర్‌స్నాచ్' (2018) చూసినవాళ్లు ఉన్నారుగా, దాని స్క్రిప్టుకు చార్లీ బ్రూకర్ వాడింది ఇదే.

పని తీరు తేలిక. తెర మీద ఒక పెట్టె తెరిచి ఒక ఘట్టం రాస్తాం. చివర రెండేసి చదరపు బ్రాకెట్ల మధ్య ఇలా రాస్తాం: [[గమ్మునుండు->పూండి]]. చదివేవాళ్లకు 'గమ్మునుండు' అన్నదే కనిపిస్తుంది, నొక్కితే 'పూండి' అనే పెట్టె తెరుచుకుంటుంది. తెలుగు అక్షరాలు ఏ పేచీ లేకుండా పడతాయి. పూర్తయ్యాక అంతా ఒకే హెచ్‌టీఎంఎల్ ఫైలుగా దిగుతుంది, వాట్సాప్‌లో కూడా పంపొచ్చు. కాకపోతే రాస్తున్నంతసేపూ కథ బ్రౌజర్‌లోనే ఉంటుంది. నేను హిస్టరీ శుభ్రం చేస్తూ దాన్నీ ఊడ్చేసి, మూడు రోజుల రాత పోగొట్టుకున్నాను. రోజూ ఆర్కైవ్ ఫైలు దించుకోండి.

లెక్క కూడా చూసుకోవాలి. అడుగడుక్కీ రెండు దారులు పెడితే ఐదు అడుగులకు 32 ముగింపులు, మొత్తం 63 పెట్టెలు. ఎవరు రాస్తారు! కాబట్టి విడిపోయిన దారుల్ని మళ్లీ కలపాలి, కానీ చదివేవాళ్లు ముందు చేసినదాన్ని కథ మరవకూడదు. అలా గుర్తుపెట్టుకోవడానికి ట్వైన్‌లో వేరియబుల్స్ ఉన్నాయి. మొదటి కథకు వాటి జోలికి పోకపోయినా ఫరవాలేదు.

ఇక నా కథ. 2019 ఎండాకాలంలో చెన్నై చెరువులు ఎండిపోయి మా వీధిలో లారీ కోసం బిందెలు వరుసగట్టడం నాకు గుర్తు. నాయన వాళ్లది ఊత్తుకోట పక్క పల్లె. కండలేరు నుంచి వచ్చే కృష్ణ నీళ్లు అక్కడే సరిహద్దు దాటి పూండికి పోతాయి. ఆ రెండూ కలిపి 2069లో పెట్టాను. నువ్వు సరిహద్దు దగ్గర నీటిమట్టం రాసుకునే ఉద్యోగివి. ఒక రాత్రి కాలువలో నీళ్లు తెలుగులో అడుగుతాయి: "ఇంకా యాడ దాకా పోవాల?" జవాబిస్తే వెనక్కి మళ్లిపోతాయి, నగరానికి నీళ్లుండవు. మౌనంగా ఉంటే పూండి చేరతాయి, కానీ మాట మరిచిపోతాయి. బేతాళుడి దగ్గర కొట్టేసిన చిక్కే.

అవ్వ తమిళ బడిలో చదివింది, తెలుగు చదవలేదు. అమ్మకు తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం తమిళంలోనే. అందుకని నేను గట్టిగా చదివి, అవ్వ ఏది చెబితే అది నొక్కుతున్నాను. మొదటి ప్రతిలో దారుల పేర్లు 'సంభాషించు', 'మౌనం వహించు'. పరీక్షలో మార్కులొచ్చే మాటలు. అవ్వ "అదేందే?" అంది. నేను విడమరిచి చెప్పాల్సి వచ్చింది. నిజం చెప్పాలంటే సిగ్గేసింది. ఇంట్లో తెలుగు వాగేది మేం ముగ్గురమే, అందులో ఒకరికి నా తెలుగు అర్థం కాలేదు. కథనం పుస్తకాల భాషలో ఉన్నా చెల్లుతుందేమో గానీ, నొక్కే మాట చదివేవాళ్ల నోట్లోంచి రావాలి. ఎందుకంటే ఆ క్షణంలో మాట్లాడేది వాళ్లు. దాంతో 'మాట్లాడు', 'గమ్మునుండు' అయ్యాయి. గుంటూరు నుంచి వచ్చిన మన క్లాస్‌మేట్ 'గమ్మునుండు' చూసి నవ్వింది. నవ్వనీ.

ఇంకో ముడి: నువ్వా, మీరా? ఇంగ్లీషు ఆటలకు ఈ బాధ లేదు. మన 'నువ్వు' క్రియలో ఆడా మగా తేడా లేదు, 'వెళ్లావు' ఎవరికైనా సరిపోతుంది, అది సుఖం. కానీ ఇదే కథ మన మేడమ్‌గారు ఆడితే 'నువ్వు పరిగెత్తావు' అనగలమా? మొదటి పెట్టెలోనే 'నిన్ను ఎలా పిలవాలి, మిమ్మల్ని ఎలా పిలవాలి' అని రెండు లంకెలు పెట్టాను. వేరియబుల్ జోలికి పోవద్దన్న నేనే ఇక్కడ పోవాల్సి వచ్చింది, ప్రతి క్రియకూ రెండు రూపాలు రాస్తూ.

చివరి ఘట్టం దగ్గర అవ్వ చాలాసేపు ఆలోచించింది. మాట్లాడదామా, గమ్మునుందామా అని మళ్లీ అడిగాను.

"రెండూ కాదు. నీళ్లొచ్చినాయి గదా, ముందు దోసిలి పట్టి తాగమను. మాటలు ఆనక."

అలాంటి పెట్టె నా దగ్గర లేదు. లేదంటే ఒప్పుకోలేదు, "మరి నన్నెందుకు అడిగేది?" అని అలిగింది. నిన్న రాత్రి మూడో లంకె పెట్టాను, 'దోసిలి పట్టు'. నీళ్లు తాగినవాళ్ల గొంతులోకి వాటి మాట వచ్చేస్తుందా, నీళ్లు ఇద్దరి మాటా మాట్లాడతాయా, ఇంకా తేలలేదు. ప్రస్తుతం 15 పెట్టెలు, ఆ పదిహేనోది ఖాళీ. ఫైలు నా ఫోన్‌లో ఉంది, మధ్యాహ్నం బెల్లు తర్వాత ఎవరైనా ఆడి చూడొచ్చు.