ఊపిరి వదులు బిడ్డా

యాదగిరిగుట్ట,
సంక్రాంతి వెళ్లిన మర్నాడు

చిరంజీవి లావణ్యకు పెద్దబాపు ఆశీస్సులు.

నీ ఉత్తరం, దాంతోపాటు పంపిన ఫోటోలు అందినయ్. ఆ గుల్ల లేని నత్త ఫోటోను మీ పెద్దమ్మ పూజగది పక్కన గోడకు పెట్టుకున్నది. ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ "మా లావణ్య సముద్రం అడుగుకు పోయి తీసింది" అని చూపిస్తున్నది. నేను మాత్రం ఉత్తరంలో ఒక్క మాట దగ్గర ఆగిపోయిన. "నువ్వు నేర్పినట్టే ఊపిరి బిగబట్టి నొక్కిన పెద్దబాపూ, అందుకే కదలకుండా వచ్చింది" అని రాసినవ్. అది చదివినప్పటి నుంచి నాకు కంటి మీద కునుకు లేదు.

మీ బాపు సంగతి నాకు వదిలెయ్. రుషికొండ దగ్గర సముద్రంలో దిగుతానని నువ్వన్ననాడు ఇంట్లో జరిగిన రభస మళ్లీ ఎత్తను. నువ్వు దిగొద్దని చెప్పటానికి కూడా ఈ ఉత్తరం రాస్తలేను. ఊపిరి సంగతి ఒక్కటే చెప్తా, కుదురుగా కూసొని చదువు.

నేను నీకు నేర్పింది స్టూడియో విద్య. భువనగిరిలో నేను పని నేర్చుకున్న ఉస్తాదు నా పక్కటెముకల మీద రెండు వేళ్లు ఆనించి నిలబడుతుండె. షట్టరు నొక్కే గడియకు వేళ్ల కింద కదలిక తగిలిందా, ఇగ పొద్దుగూకే దాక నన్ను కెమెరా ముట్టనియ్యకపోతుండె. రెండు బల్బుల వెలుతురు, స్లో ఫిల్ము. సెకనులో ఎనిమిదో వంతు షట్టరు తెరిచి ఉంచాలె. గుట్ట మీద పుట్టువెంట్రుకలు తీయించుకొని దిగొచ్చే పిల్లలు ఎట్లుంటరో నీకు తెలుసు. గుండు మీద గంధం ఇంకా ఆరదు, చెమటకు చెవుల పక్క నుంచి చారలు కట్టి కారుతుంటది, తల్లి కొంగుతో తుడవబోతే ఏడుపు రెట్టింపైతది. ఆ ఏడుపు నడుమ ఒక్క గడియ ఆగి, నోరు తెరిచి, కెమెరా దిక్కు చూస్తరు. ఆ గడియ కోసం నేను ఊపిరాపి కూసుంటుంటి. గుట్ట కింద ఎన్ని ఇండ్ల గోడల మీద ఆ ఫోటోలున్నయో! నడుము మీద చేయి పెట్టి నిలబడ్డ నీ పంచెకట్టు ఫోటో కూడా అట్ల తీసిందే. నీకు నాలుగేండ్లు అప్పుడు. నవ్వమంటే పండ్లన్నీ బయటపెట్టినవ్.

నేల మీద ఆ విద్య సరైనదే. నీళ్లలో అది ప్రాణం తీస్తది.

"మరి మీరంతా మోటబాయిలో ఊపిరి పట్టి అడుగు ముట్టి రాలేదా?" అంటవ్. నిజమే, ఎండకాలం పొద్దంతా అదే పని. ఒడ్డు మీంచి దుంకి, అడుగున ఇసుక పిడికిట పట్టి తెచ్చినోడే మొగోడు. చెవులు గుయ్యిమని పోటు పెట్టినా ఎవ్వడూ పైకి చెప్పకపోతుండె. కానీ బాయిలో మేం మోసుకపోయింది ఒడ్డు మీద పీల్చిన గాలి. లోపలికి పోతే నీళ్ల బరువుకు ఆ గాలి నలిగి చిన్నదైతది, పైకొస్తే మునుపటంత అయితది, అంతకు మించదు. నీది అట్ల కాదు. నీ వీపు మీద సిలిండరుంది. నోట్లో ఉన్న రెగ్యులేటరు, నువ్వు ఏ లోతుకు పోతే ఆ లోతు ఒత్తిడికి సరిపోయే గాలి ఇస్తది. 10 మీటర్ల లోతున ఒత్తిడి పైనున్న దానికి రెండింతలు. అక్కడ నిండుగా పీల్చి, బిగబట్టి పైకొస్తే ఆ గాలి రెండింతలు ఉబ్బాలె. నీ ఛాతీలో అంత చోటు ఎక్కడిది?

లోతు ఎక్కువైతేనే భయం, పైన ఏం కాదు అనుకోకు. 30 మీటర్ల నుంచి 20కి వచ్చేటప్పటి కంటే చివరి 10 మీటర్లలోనే గాలి ఎక్కువ ఉబ్బుతది. నిండు ఊపిరి బిగబట్టి మీటరు, మీటరున్నర లేచినా చాలు, ఊపిరితిత్తులు లోపల చిట్లొచ్చు. చిట్లిన చోటి నుంచి గాలిబుడగ నెత్తుట్ల కలిసి మెదడుకు పోతే కాలూ చెయ్యీ పడిపోతయ్, ప్రాణం కూడా దక్కకపోవచ్చు.

పైగా నువ్వు లేవాలనుకొని లేచేది కాదది. నిండుగా పీల్చితేనే ఒళ్లు తేలికై దానంతటదే పైకి పోతది. కన్నేమో కెమెరాలో, మనసేమో వేలెడంత జీవి మీద. ఎంత లేచినవో నీకు తెలిసేదెట్ల? ఆ మీద సముద్రం పొంగు ఒకటి వచ్చి ఎత్తితే?

పోయిన దసరాకు నీ కోర్సు పుస్తకం ఇక్కడే మరిచిపోయినవ్ కదా. దాన్ని ముందర పెట్టుకొని, రాని మాటలు మీ అన్ననడిగి, మెల్లమెల్లగ చదివిన. ఎన్నడూ ఊపిరి బిగబట్టొద్దు, ఆగకుండా పీల్చుతూ వదులుతూ ఉండాలె అనే సూత్రం అందులో ఉన్నది. దాని కింద పెన్సిలు గీత నీదే. పక్కన చుక్క కూడా పెట్టినవ్. తెలిసిన పిల్లవే బిడ్డా. కెమెరా చేతికొచ్చేసరికి మరిచినవ్, అదే నాకు బుగులు.

ఫోటోలో నీ చెంపల మీద మాస్కు అచ్చు పడి ఉన్నది, కండ్ల కింద నలుపు. తింటున్నవా, లేదా?

ఇగ నా పని తెలిసిన మాట చెప్తా, ఇది మాత్రం పుస్తకంల దొరకలే. నీకు ఊపిరి ఆపే అవసరమే లేదు. నువ్వు వాడే ఫ్లాష్ సెకనులో వెయ్యో వంతు అటూ ఇటూ వెలిగి ఆరిపోతది. ఆ వెలుగులో నీ చేయి వణికినా ఫోటోలో కనపడదు. నా ఎనిమిదో వంతు సెకను ఎక్కడ, నీ వెయ్యో వంతు ఎక్కడ! నీ ఫోటోలు కొన్ని మసకగా వచ్చినయంటే అది వణుకు వల్ల కాదు, ఫోకస్ వల్ల. నువ్వు పంపిన దాంట్లో చూడు. ముందరి రెండు కొమ్ములు సూది మొనలెక్క పదును, వీపు చివర విచ్చుకున్న మొప్పల గుత్తి మసక. అంత దగ్గర నుంచి తీస్తే పదునుగా వచ్చే మందం గోరంత కూడా ఉండదు. కాబట్టి ఫోకస్ ఒక దూరానికి కట్టేసి, మెల్లగ పీల్చుతూ వదులుతూ ఉండు. ఒళ్లు కొంచెం ముందుకు, కొంచెం వెనక్కు ఊగుతది. కొమ్ములు పదునెక్కిన గడియకు నొక్కు. తప్పితే మళ్లీ నొక్కు. రోలు అయిపోతదన్న భయం నాకుండె, నీకేముంది?

ఇది ఇంట్లనే సాధన చెయ్. మెతుకు మోసే చీమ కనపడితే ముందర కూసొని, నోటితో పీల్చుతూ వదులుతూ తియ్యి. బస్సులో కూసున్నా, రాత్రి పండుకున్నా అదే అలవాటు కావాలె. నీళ్లలో నిలకడగా తేలటం ఒంటికి పట్టే దాక కెమెరాను పడవలోనే ఉంచి దిగు. నా మాట మీద గౌరవం ఉంటే ఈ ఒక్కటి చెయ్. ఉస్తాదు నాకు ఖాళీ కెమెరా ఇచ్చి నెలల తరబడి నొక్కించిండు. అప్పుడు కోపమొచ్చేది, ఇప్పుడు ఆయన పేరు తలవని రోజు లేదు.

నువ్వు చెప్పిన ఎలియట్ దొర ముచ్చట కూడా యాదికొచ్చింది. 1845లో అమరావతి స్తూపం దగ్గర తవ్వించిన ఆ వాల్టర్ ఎలియటే, ఉత్తర సర్కారుల కమిషనరుగా ఉన్నప్పుడు వాల్తేరు తీరంలో ఈ గుల్ల లేని నత్తలనే, అదే న్యూడిబ్రాంకులను, సేకరించి రంగుల బొమ్మలు వేయించిండంటివి. ఆ సేకరణ మీదనే ఆల్డర్, హాంకాక్ అనే ఇద్దరు 1864లో లండన్‌లో అచ్చువేసిన్రని, ఒక జీవికి కళింగ అని పేరు పెట్టిన్రని చెప్పినవ్. వాళ్ల కాలంలో నీళ్లలోంచి బయటికి తీస్తేగానీ బొమ్మ గీయరాకపోయె. నువ్వు దాని ఇంటికి పోయి, దాన్ని దాని రాయి మీదనే ఉంచి తీస్తున్నవ్. నాకు గర్వంగా ఉన్నది. అందుకే, మంచి భంగిమ కోసం పుల్లతో కదిలించటం, రాయి మీంచి ఊడబీకి తెల్లటి ఇసుక మీద పెట్టటం ఎవ్వరు చేసినా నువ్వు చెయ్యకు. ఆ నత్త స్పాంజి తిని బతికేది, తిండి మీంచి దాన్ని లాగేస్తే ఏం తింటది? సముద్రపు గుర్రం కనపడితే దూరం నుంచే తియ్యి. 1972 వన్యప్రాణి చట్టం కింద 2001 నుంచి దానికి రక్షణ ఉన్నది, పట్టుకుంటే నేరం.

లోతుకు పోతుంటే మొదట ఎరుపే మాయమైతదని రాసినవ్ చూడు, అది చదివి చాలాసేపు కూసున్న. నల్లగా కనిపించిన జీవి మీద టార్చి వేస్తే కుంకుమ రంగు బయటపడిందట కదా! ఈ వయసులో నాకు కొత్త విద్య చెప్పినవ్, నువ్వు చల్లగుండాలె.

ఫాల్గుణంలో స్వామి బ్రహ్మోత్సవాలకు రా. అంతకుముందు రెండు మూడు రోజులు వరుసగా దిగినవనుకో, ఆఖరిసారి నీళ్లలోంచి లేచినంక 18 గంటలు గడవందే విమానం ఎక్కకు. అది కూడా నీ పుస్తకంల ఉన్నది. నన్నడిగితే గోదావరి రైలెక్కి కాజీపేటలో దిగు, ఏ జామైనా మీ అన్న బండి తెచ్చి నిలబడతడు. కెమెరా కూడా తెచ్చుకో, కొమ్ముల మీద ఫోకస్ ఎట్ల కట్టాలో చీమ మీద చూపిస్త.

మీ పెద్దమ్మ సకినాలు, అరిసెలు డబ్బాకెత్తింది. మన గల్లీ పిల్లగాడు వచ్చే వారం వైజాగ్‌కు పరీక్ష రాయ వస్తుండు, వాని చేతికిస్తున్న. ఈ ఉత్తరం అందిన రోజే ఫోన్ చెయ్, దిగే ముందట చెయ్, లేచినంక కూడా చెయ్.

ఇట్లు,
నీ పెద్దబాపు