చర్మపు ఫైర్‌వాల్‌కి వేడితో రంధ్రాలు

ఫైర్‌వాల్ అంటే ఏమిటో ఈ పత్రిక పాఠకులకు చెప్పనక్కరలేదు. వచ్చిన ప్రతిదాన్నీ ఆపటమే దాని పని. మనకి కావలసిన ప్రోగ్రాము నడవాలంటే ఎక్కడో ఒక పోర్టు తెరవాలి. అయితే తెరిచిన పోర్టుకి మంచీ చెడూ తెలియదు. మనం రమ్మన్నవాడితో పాటు రమ్మననివాడూ దూరగలడు. అందుకే అనుభవం ఉన్నవాళ్ళు పోర్టు ఎలా తెరవాలి అనే ప్రశ్నతో ఆగరు. ఎంతసేపు తెరవాలి, ఎవరిని రానివ్వాలి, ఎప్పుడు మూతపడుతుంది అని కూడా అడుగుతారు.

మన చర్మం కూడా ఒక ఫైర్‌వాలే. దానికి వేడితో కంటికి కనిపించనంత చిన్న రంధ్రాలు పెట్టి, వాటిగుండా మందులు పంపే విద్య గురించి ఈసారి తెలుసుకుందాం. ఎండకీ, చర్మవైద్యానికీ పేరుపడ్డ ఆస్ట్రేలియాలో ఉంటున్న మనవాళ్ళకి ఇది కొంచెం ఎక్కువగా పనికొచ్చే విషయం.

ఇటుకలూ, అడుసూ

చర్మంలో అసలు కాపలాదారు అన్నిటికన్నా పైనున్న పొర. దీని శాస్త్రీయ నామం స్ట్రేటమ్ కార్నియం. కొమ్ములా గట్టిపడ్డ పొర అని అర్థం కాబట్టి మనం కొమ్ముపొర అందాం. దీని మందం చాలాచోట్ల 10 నుంచి 20 మైక్రాన్లే, అంటే మిల్లీమీటరులో యాభయ్యో వంతు కూడా మించదు. ఇందులో ఉన్నవన్నీ చనిపోయిన కణాలు. కెరటిన్ అనే ప్రోటీను నిండిన ఆ కణాలు ఇటుకలైతే, వాటి మధ్య ఉన్న కొవ్వు పదార్థం అడుసు. ఇక్కడ నరాలు లేవు, రక్తనాళాలూ లేవు. అందుకే ఈ పొరకి చిల్లు పడినా నొప్పి తెలియదు, రక్తం రాదు. ఈ విద్యకి పునాది అంతా ఇదే.

ఈ గోడని దాటగల అణువుల బరువు సుమారు 500 డాల్టన్ల లోపు ఉండాలని 2000లో ఇద్దరు పరిశోధకులు ఒక సూత్రం ప్రతిపాదించారు. హైడ్రోజన్ పరమాణువు బరువు రమారమి ఒక డాల్టన్. నికోటిన్ 162, నొప్పి మందు ఫెంటనిల్ 336. అందుకే ఆ రెండింటికీ అతికించుకునే పట్టీలు వచ్చాయి. ఇన్సులిన్ సుమారు 5,800. పైగా అది నీటిలో కరిగే రకం, గోడలోని అడుసేమో కొవ్వు. కనుక ఇన్సులిన్‌కి సూది తప్పలేదు.

కాపడం వేరు, రంధ్రం వేరు

బెణికిన చోట బామ్ రాసి కాపడం పెట్టటం మన ఇళ్ళల్లో అందరికీ తెలిసిన వైద్యమే. వేడి తగిలితే చర్మంలో రక్తప్రసారం పెరుగుతుంది, అణువుల కదలిక పెరుగుతుంది, మందు కొంచెం ఎక్కువగా లోపలికి పోతుంది. వేడి తగ్గగానే గోడ యథాస్థితికి వస్తుంది. ఆవిరి పడితే "రంధ్రాలు తెరుచుకుంటాయి" అంటారు కానీ ముఖం మీద కనిపించే ఆ రంధ్రాలు వెంట్రుకల కుదుళ్ళ నోళ్ళు. వాటికి తలుపులు లేవు, తెరుచుకునేదీ మూసుకునేదీ ఏమీ లేదు.

అసలైన రంధ్రానికి కావలసిన వేడి దీనికి ఎన్నోరెట్లు. అట్లాంటాలోని జార్జియా టెక్‌లో మార్క్ ప్రౌస్నిట్జ్ బృందం చర్మాన్ని కొద్దిసేపు రకరకాల ఉష్ణోగ్రతలకి గురిచేసి, నీటిలో కరిగే ఒక రంగు పదార్థం ఎంత లోపలికి పోతుందో కొలిచి 2008లో ప్రచురించింది. ఫలితాలు మూడు మెట్లుగా ఉన్నాయి:

1. 150 డిగ్రీల సెల్సియస్ లోపు: పారగమ్యత కొద్దిరెట్లు మాత్రమే పెరిగింది. అడుసు చెదిరింది.
2. 150 నుంచి 250 దాకా: పది నుంచి వంద రెట్లు. ఇటుకల్లోని కెరటిన్ అల్లిక కూడా దెబ్బతింది.
3. 300 దాటాక: సుమారు వెయ్యి రెట్లు. ఆ చోట కొమ్ముపొర ఆవిరైపోయి నిజమైన రంధ్రం మిగిలింది.

అంటే వేడి పెంచుతూ పోతే పారగమ్యత నెమ్మదిగా పెరుగుతూ పోవటం కాదు, ఒక గీత దాటాక దూకుతుంది. ఆ గీతకి ఇవతల ఉన్నది కాపడం, అవతల ఉన్నది రంధ్రం.

మిల్లీసెకన్ల లెక్క

మూడువందల డిగ్రీలంటే ఒళ్ళు కాలిపోదూ? ఎంతసేపు తగిలింది అన్నదే ఇక్కడి కిటుకు. కాలిన పెనం మీద వేలు తగిలి వెంటనే లాగేసుకుంటే చురుక్కుమంటుంది, ఆనించి ఉంచితే బొబ్బ లేస్తుంది. పెనం వేడి రెండుసార్లూ ఒకటే.

దీన్ని లెక్కలో చూద్దాం. వేడి ఒక దూరం పాకటానికి పట్టే కాలం ఆ దూరపు వర్గాన్ని బట్టి ఉంటుంది. దూరాన్ని వర్గం చేసి, చర్మపు ఉష్ణవ్యాపన గుణకంతో భాగిస్తే ఉజ్జాయింపు సమయం వస్తుంది. ఆ గుణకం సెకనుకి సుమారు 0.1 చదరపు మిల్లీమీటరు. దూరం 10 మైక్రాన్లయితే జవాబు ఒక మిల్లీసెకను. 100 మైక్రాన్లయితే 100 మిల్లీసెకన్లు. దూరం పదిరెట్లయితే సమయం వందరెట్లు.

కాబట్టి వేడిని ఒకటి రెండు మిల్లీసెకన్లలో ఇచ్చి ఆపేస్తే అది చాలావరకు చనిపోయిన పొరలోనే ఉండిపోతుంది. కింద ఉన్న నరాలకి కబురు అందేలోపే పని ముగుస్తుంది. అదే సెకను పాటు ఉంచితే వేడి లోపలి పొరల్లోకి దిగుతుంది. ఇక అది వైద్యం కాదు, వాత.

రంధ్రాలు ఎన్ని కావాలి? ఒక చదరపు సెంటీమీటరులో 100 రంధ్రాలు, ఒక్కొక్కటి 100 మైక్రాన్ల చతురస్రం అనుకుందాం. అన్నీ కలిపితే ఒక చదరపు మిల్లీమీటరు, అంటే విస్తీర్ణంలో ఒక్క శాతం. మిగిలిన 99 శాతం గోడ చెక్కుచెదరదు, గాయం మానటానికి కావలసిన కణాలు రంధ్రం పక్కనే ఉంటాయి. 2004లో బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి పరిశోధకులు మాన్‌స్టైన్, ఆండర్సన్ తదితరులు చర్మమంతటినీ కాల్చకుండా చుక్కలు చుక్కలుగా లేజరు వాడే పద్ధతిని ప్రకటించారు. దానికి కూడా ఆధారం ఈ ఆలోచనే. నేటి "ఫ్రాక్షనల్" లేజర్లన్నీ ఆ దారిలో వచ్చినవే.

వేడి పుట్టించే దారులు

మొదటి దారి సన్నని తీగెలు. అట్లాంటాలోని ఆల్టియా థెరప్యూటిక్స్ కంపెనీ లోహపు తీగెల జల్లెడలో క్షణకాలం కరెంటు పంపి చర్మానికి చిల్లులు వేసి, వాటి మీద ఇన్సులిన్ పట్టీ అతికించే పద్ధతి తయారుచేసింది. ప్రయోగాలు జరిగాయి కానీ సరుకు బజారుకి రాకముందే కంపెనీ మూతబడింది. సూదులు సన్నబడి, పంపులు చవకై, రోజూ వాడే మందుకి ఇంత హంగామా అక్కరలేకపోవటం ఒక కారణం అనుకోవచ్చు.

రెండో దారి ఆవిరి. ప్రౌస్నిట్జ్ బృందమే 2011లో ఒక చిన్న గదిలో నీటిని విద్యుత్ మెరుపుతో ఆవిరిచేసి, సూక్ష్మమైన ముక్కు గుండా సెకనులో పదివేల వంతు సేపు చర్మం మీదికి చిమ్మింది. పారగమ్యత వెయ్యి రెట్ల దాకా పెరిగింది.

మూడో దారి లేజరు. కార్బన్ డయాక్సైడ్ లేజరు, ఎర్బియం-యాగ్ లేజరు చర్మంలోని నీటిని పట్టుకుని దాన్ని క్షణంలో ఆవిరిగా మారుస్తాయి. ఆసుపత్రుల్లో నిలదొక్కుకున్న దారి ఇదే.

ఆస్ట్రేలియాలో

ఆస్ట్రేలియన్లలో ప్రతి ముగ్గురిలో కనీసం ఇద్దరికి డెబ్భై ఏళ్ళు వచ్చేలోగా ఏదో ఒక చర్మ కాన్సరు కనిపిస్తుందని అక్కడి కాన్సర్ కౌన్సిల్ చెబుతుంది. కాన్సరుకి ముందు దశగా ఎండకి గరుకుబారే మచ్చలకి ఒక వైద్యం ఉంది. వాటి మీద ఒక క్రీము రాసి వెలుతురు సోకనిస్తే చెడిన కణాలు చనిపోతాయి. ఆసుపత్రి దీపానికి బదులు పగటి వెలుగే చాలునా అని ఆస్ట్రేలియాలో వందమంది మీద పరీక్షించి, దాదాపు అంతే గుణం, చాలా తక్కువ నొప్పి అని 2014లో ప్రకటించారు. మచ్చ మందంగా ఉంటే క్రీము లోపలికి దిగదు. అక్కడే లేజరు రంధ్రాలు పనికొస్తాయి. ముందు రంధ్రాలు, తరవాత క్రీము, ఆపైన వెలుగు అనే వరసని డెన్మార్క్ వైద్యులు అవయవ మార్పిడి జరిగినవాళ్ళ మీద పరీక్షించారు.

కాలిన గాయాల మచ్చలది మరో కథ. సిడ్నీలో కాంకర్డ్ ఆసుపత్రి కాలిన గాయాల విభాగం బిగుసుకుపోయిన మచ్చలకి ఫ్రాక్షనల్ కార్బన్ డయాక్సైడ్ లేజరు వాడి ఫలితాలు ప్రచురించింది. అలా పడిన రంధ్రాల్లోకి స్టెరాయిడ్ మందు పంపటం ఈ వైద్యంలో తెలిసిన పద్ధతి.

వేడి లేకుండా గోడ దాటే దారులు కూడా ఆస్ట్రేలియాలో పుట్టాయి. మెల్బోర్న్‌లో మొనాష్ విశ్వవిద్యాలయపు పరిశోధన నుంచి వచ్చిన ఆక్రక్స్ కంపెనీ, సన్‌స్క్రీన్లలో వాడే ఆక్టిసలేట్‌ని తోడు తీసుకుని టెస్టోస్టిరాన్‌ని చర్మం దాటించింది. ఆ మందుకి 2010లో అమెరికా ఎఫ్.డి.ఎ. అనుమతి వచ్చింది. క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో మార్క్ కెండాల్ బృందం తయారుచేసిన నానోప్యాచ్ అతిచిన్న ముళ్ళతో టీకా ఇస్తుంది. బ్రిస్బేన్‌లో వాక్సాస్ కంపెనీ దాన్ని ముందుకు తీసుకెళ్తోంది.

పోర్టు మూతపడేదాకా

ఇప్పుడు మొదట వేసుకున్న ప్రశ్నలకి వద్దాం. రంధ్రాల మీద పై పొర సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో అల్లుకుంటుంది, లోతైనవైతే ఇంకొన్నాళ్ళు పడుతుంది. ఆలోగా చర్మం మీద పడ్డ ప్రతిదీ లోపలికి పోయే అవకాశం ఉంది. ముఖానికి మామూలుగా రాసుకునే సీరం కూడా ఇందుకు మినహాయింపు కాదు. సూక్ష్మ సూదులతో చిల్లులు పెట్టించుకున్న వెంటనే విటమిన్-సి సీరం రాయగా చర్మంలో గడ్డలు కట్టిన ఉదంతాలు 2014లో వైద్య పత్రికలో వచ్చాయి. పైపూతకని చేసిన సరుకు లోపలికి పంపటానికి చేసింది కాదు.

తిమ్మిరి క్రీము సంగతి ఇంకా తీవ్రం. లేజరుకి ముందు ఆ క్రీము విరివిగా పట్టించి ప్లాస్టిక్ చుట్టుకున్న ఇద్దరు యువతులు మరణించాక, 2007లో ఎఫ్.డి.ఎ. హెచ్చరిక జారీచేసింది. ఎక్కువ మేర రాసినా, చుట్టి ఉంచినా, చర్మం వేడెక్కినా మందు రక్తంలోకి ఎక్కువగా చేరుతుందని అందులో ఉంది.

రంధ్రం లేకపోయినా వేడి ఒక్కటే ప్రమాదం కాగలదు. ఇండియా నుంచి వచ్చిన అమ్మకో నాన్నకో ఫెంటనిల్ పట్టీ ఉంటే దాని మీద వేడినీళ్ళ సంచి, ఎలక్ట్రిక్ దుప్పటి తగలనివ్వకండి. శరీరపు వేడి 40 డిగ్రీలకి చేరితే రక్తంలో మందు మూడో వంతు పెరగవచ్చని ఆ పట్టీ సమాచార పత్రమే చెబుతుంది. జ్వరం వచ్చినా, జనవరి ఎండల్లో తిరగవలసి వచ్చినా డాక్టరుని అడగాలి.

ఇక మన రంగు. ఈ లేజర్లు పట్టుకునేది నీటినే కానీ రంగుని కాదు కదా, చామనఛాయకి భయం లేదు అనిపిస్తుంది. కానీ వేడి వల్ల వచ్చే వాపు తగ్గాక మన చర్మంలో ఆ చోట నల్లబడి, నెలల తరబడి ఉండిపోయే అవకాశం తెల్లవాళ్ళకన్నా ఎక్కువ. పైగా ఆస్ట్రేలియా ఎండ దానికి ఆజ్యం పోస్తుంది. తెల్లచర్మానికి సరిపెట్టిన సెట్టింగు మనకి సరిపోవాలని లేదు.

అడగవలసినవి

మచ్చలకో, మొటిమల గుంతలకో ఇలాంటి చికిత్సకి వెళ్ళేముందు ఈ ప్రశ్నలు వెయ్యండి:

1. ఈ యంత్రం టి.జి.ఎ. రిజిస్టరులో ఉందా? ఆ జాబితా ఎవరైనా చూసుకోవచ్చు.
2. లేజరు నడిపేవారి అర్హత ఏమిటి? నిబంధనలు రాష్ట్రాన్ని బట్టి మారతాయి. క్వీన్స్‌లాండ్‌లో లైసెన్సు కావాలి.
3. నాలాంటి రంగువాళ్ళకి ఎంతమందికి చేశారు? ముందు చెవి వెనకో, దవడ కిందో చిన్న చోట చేసి చూపిస్తారా?
4. చేశాక ఎన్నాళ్ళు, ఏమేమి రాయకూడదు? ఎండలోకి ఎప్పుడు వెళ్ళవచ్చు?

చివరి ప్రశ్నకి కాగితం మీద జవాబు ఇవ్వలేని చోట పోర్టు తెరిపించుకోకపోవటమే మంచిది. మిల్లీసెకనులో పెట్టే రంధ్రాన్ని మూసే పని మన చర్మం చూసుకుంటుంది. అది మూసుకునేదాకా కాపలా కాయవలసింది మాత్రం మనమే.