‘సటైవా’ అంటే ఏమిటి?

ప్రశ్న: మాది ఎగువ మానేరు కింద వరి వేసే కుటుంబం. బాటనీ పుస్తకంలో వరిని ‘ఒరైజా సటైవా’ అని, వెల్లుల్లిని ‘అల్లియం సటైవం’ అని, కీరదోసను ‘కుకుమిస్ సటైవస్’ అని రాశారు. ఈ మాటకు అర్థమేమిటి? చివర ఎందుకు మారుతోంది?
– డిగ్రీ విద్యార్థిని, గంభీరావుపేట

జవాబు: లాటిన్‌లో ‘సెరెరె’ అంటే విత్తడం. దాని నుంచి వచ్చిన ‘సటైవస్’ అంటే విత్తి పెంచేది, అంటే సాగు పంట. లాటిన్‌లో విశేషణం నామవాచకం లింగాన్ని బట్టి మారుతుంది. పుంలింగమైతే సటైవస్, స్త్రీలింగమైతే సటైవా, నపుంసకలింగమైతే సటైవం. ‘ఒరైజా’ గ్రీకు నుంచి లాటిన్‌లోకి చేరింది. వరికి ఈ జంట పేరు పెట్టింది స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్, 1753లో. ఎవరూ విత్తకుండానే చిత్తడి నేలల్లో మొలిచే అడవి వరిలో ఒక జాతి పేరు ఒరైజా రూఫిపోగాన్. సాగు పంటలన్నిటికీ ‘సటైవా’ ఉండదు. మొక్కజొన్న శాస్త్రీయ నామం జియా మేస్.