సర్టిఫికెట్టులో ఏం రాశారు?

లండన్ నగరంలో ఒక తల్లి. కోర్టు కాగితాల్లో ఆమె పేరు లేదు. 'ఎల్' అనే ఒక్క అక్షరమే ఉంది.

2004లో ఎల్ ఒక బడిలో పనికి కుదిరింది. వంట పని కాదు. మధ్యాహ్నం పిల్లలు తినేటప్పుడు, ఆడుకునేటప్పుడు కనిపెట్టుకుని ఉండాలి. ఇంగ్లండులో ఇలాంటి పనికి ఒక సర్టిఫికెట్టు కావాలి. పాత నేరాలు, శిక్షలు అందులో ఉంటాయి. పోలీసులకు తెలిసిన వేరే సంగతులు కూడా రాయవచ్చు. కోర్టులో రుజువు కాకపోయినా రాయవచ్చు!

సర్టిఫికెట్టులో ఎల్ చేసిన నేరం ఏదీ లేదు. అయినా పోలీసులు కొన్ని సంగతులు రాశారు. ఏమని? ఆమె కొడుకు బడి ఎగ్గొట్టేవాడట. దుకాణాల్లో దొంగతనం చేసేవాడట. ఇల్లు విడిచి పోయేవాడట. తల్లి సరిగా చూసుకోవడం లేదని అధికారులు ఆ పిల్లవాడి పేరు రక్షణ జాబితాలో చేర్చారు. ఆమె అధికారుల మాట వినలేదని కూడా రాశారు. దాంతో ఎల్ పని పోయింది.

మరి ఇంత కట్టుదిట్టం అక్కరలేదా? కావాలి. 2002లో ఆ దేశంలోనే సోహమ్ అనే ఊళ్లో పదేళ్ల ఆడపిల్లలు ఇద్దరిని ఒక బడి నౌకరు చంపాడు. అతని మీద అంతకు ముందే ఆరోపణలు ఉన్నాయి. పోలీసులకు తెలుసు. పని ఇచ్చిన బడివాళ్లకు తెలియలేదు.

ఎల్ ఊరుకోలేదు. కోర్టుకు వెళ్లింది. కింది కోర్టుల్లో ఓడింది. 2009లో కేసు అక్కడి సుప్రీంకోర్టుకు చేరింది. అంతవరకు తక్కెడ ఒకవైపే మొగ్గి ఉందని న్యాయమూర్తులు చెప్పారు. పిల్లల రక్షణ ఒకవైపు, ఆ మనిషి పరువు, బతుకుతెరువు రెండోవైపు పెట్టి తూచాలన్నారు. ఆ సంగతి ఈ పనికి సంబంధించిందేనా? నమ్మదగిందేనా? ఎంత పాతది? సందేహం ఉంటే, రాయకముందే ఆ మనిషిని అడగాలి.

మరి ఎల్ గెలిచిందా? లేదు. రాసింది నిజమే, పిల్లల్ని కనిపెట్టుకునే పనికి సంబంధించిందే అని అదే కోర్టు తేల్చింది. కేసు వేసింది ఆమె, మేలు పొందింది తర్వాతివాళ్లు.

2012లో చట్టం మారింది. పోలీసులు రాసినదాని మీద అభ్యంతరం ఉంటే, పోలీసులతో సంబంధం లేని అధికారికి చెప్పుకోవచ్చు. తీసెయ్యమని ఆయన అంటే తీసెయ్యాలి. ఇంకో సంగతి. పూర్వం సర్టిఫికెట్టు నకలు పని ఇచ్చేవాళ్లకు కూడా నేరుగా వెళ్లేది. 2013 నుంచి పని కోరిన మనిషి చేతికే వస్తోంది. ముందుగా ఆమే చదువుకోవచ్చు.

మాట్లాడుకోండి: ఎల్ పని పోవడం న్యాయమేనా? కొడుకు సంగతి తల్లి సర్టిఫికెట్టులో రాయవచ్చా?