ప్లాస్టిక్ కిట్‌తో లారీ నమూనా తయారీ – కొన్ని మెళకువలు



మీకు ఉపయోగపడే విషయం ఏదైనా పాఠంలా రాయమని ట్రస్టు పెద్దలు నన్ను కోరారు. నేను షోలాపూర్‌లో పుట్టి పెరిగినవాణ్ణి. బి.కాం. చదివి, బ్యాంకులో 37 ఏళ్లు గుమాస్తాగా పనిచేసి, 2020లో పదవీ విరమణ చేశాను. బ్యాంకు పరీక్షల గురించి రాస్తానని వారు అనుకొని ఉండవచ్చు. కానీ రిటైరయ్యాక నేను కొత్తగా నేర్చుకున్నది ప్లాస్టిక్ లారీ నమూనాలు కట్టడం. మా అమ్మాయి తెచ్చి ఇచ్చిన ఒక కిట్‌తో ఇది మొదలైంది. ఇందులో హైస్కూలు లెక్కలు ఉన్నాయి, కొంత రసాయన శాస్త్రం ఉంది, చాలా ఓర్పు ఉంది. దీన్ని ఎంచుకోవడానికి మరొక కారణం కూడా ఉంది. అది చివర చెబుతాను.

1. స్కేలు అంటే ఏమిటి?

కిట్ పెట్టె మీద 1:24 అనో, 1:25 అనో ఉంటుంది. ఇటలేరి, రెవెల్ కంపెనీల యూరప్ లారీలు ఎక్కువగా 1:24లో వస్తాయి. ఎ.ఎం.టి. కంపెనీ అమెరికా లారీలు 1:25లో వస్తాయి. 1:24 అంటే అసలు లారీ పొడవులో 24వ వంతు. అడుగుకు 12 అంగుళాలు కాబట్టి, అసలు లారీలో ఒక అడుగు నమూనాలో సరిగ్గా అర అంగుళం. 17 అడుగుల బాడీ ఎనిమిదిన్నర అంగుళాలు అవుతుంది. 2,400 మి.మీ. వెడల్పు 100 మి.మీ. అవుతుంది.

ఇక్కడ ఒక మాట గుర్తుంచుకోండి. పొడవు 24వ వంతు అయితే, వైశాల్యం 24 × 24 = 576వ వంతు, ఘనపరిమాణం 24 × 24 × 24 = 13,824వ వంతు. పొడవు తగ్గినట్టే అన్నీ తగ్గుతాయనుకుంటే లెక్క తప్పుతుంది.

2. పని మొదలుపెట్టే ముందు

పెట్టె తెరవగానే అతికించాలని చేతులు ఉవ్విళ్లూరుతాయి. ఆగండి. ముందు సూచనల కాగితం మొదటి నుంచి చివరి వరకు చదవండి. భాగాలన్నీ ప్లాస్టిక్ చట్రాలకు అంటుకొని, నంబర్లతో ఉంటాయి. వాటిని జాబితాతో సరిచూసుకోండి. నోట్లు లెక్కపెట్టకుండా రసీదు మీద సంతకం చేయకూడదని బ్యాంకులో మాకు మొదటి రోజే చెప్పారు. ఇదీ అంతే.

తరువాత చట్రాలను గోరువెచ్చని సబ్బు నీటితో కడిగి ఆరబెట్టండి. అచ్చు నుంచి సులువుగా ఊడిరావడానికి వాడిన జిడ్డు మిగిలి ఉంటే రంగు పట్టదు. భాగాలను చేత్తో విరవకండి. చిన్న నిప్పర్‌తో కాస్త దూరంగా కత్తిరించి, మిగిలిన ముక్కను వాటర్ పేపర్‌తో నున్నగా చేయండి. బ్లేడు ఎప్పుడూ వేళ్లకు ఎదురుగా రాకూడదు.

3. అతికించడం

ఈ కిట్లు పాలీస్టైరీన్ అనే ప్లాస్టిక్‌తో చేస్తారు. వీటికి వాడే ప్లాస్టిక్ సిమెంటు మామూలు జిగురు లాంటిది కాదు. అది రెండు అంచులనూ కొద్దిగా కరిగిస్తుంది. ద్రావకం ఆవిరైపోయాక రెండూ ఒకటే ముక్కగా గట్టిపడతాయి. అందువల్ల తప్పుగా అతికిస్తే విడదీయడం కష్టం. కిటికీలు తెరిచి, గాలి ఆడే చోట పని చేయండి. అద్దాలకు మాత్రం సూపర్ గ్లూ వాడవద్దు, దాని ఆవిరికి అవి తెల్లగా మసకబారుతాయి. చెక్కపనికి వాడే తెల్ల జిగురు చాలు.

నా మొదటి నమూనా ఇక్కడే చెడింది. చాసిస్ రెండు పట్టీల మధ్య అడ్డపట్టీలను తొందరపడి అతికించాను. క్యాబిన్, ఇంజన్, చక్రాలు అన్నీ బిగించి బల్ల మీద పెడితే మూడు చక్రాలు నేలను తాకాయి, నాలుగోది గాలిలో ఉంది. వెనక్కి వెళ్లి చూస్తే తప్పు మొదటి రోజుదే. ఆ తరువాత ఏ భాగమైనా సిమెంటు లేకుండా ముందు అమర్చి చూస్తున్నాను. చాసిస్‌ను గాజు పలక మీద ఉంచి, మూలమట్టంతో సరిచూసి, రాత్రంతా ఆరనిస్తున్నాను.

4. రంగు వేయడం

కొత్తవాళ్లు రంగు మందంగా వేస్తారు. స్కేలు లెక్క ఇక్కడ కూడా పనిచేస్తుంది. నమూనా మీద రంగు 0.1 మి.మీ. మందం ఉంటే, అసలు లారీ మీద 2.4 మి.మీ. పూసినట్టు. తలుపు గీతలు, రివెట్లు అన్నీ పూడిపోతాయి. ముందు ప్రైమర్, తరువాత రెండు మూడు పలుచని పూతలు వేయండి. స్ప్రే వాడితే మాస్కు తప్పనిసరి. టైర్లకు నిగనిగలాడే నలుపు వద్దు, ముదురు బూడిద రంగు అసలుకు దగ్గరగా ఉంటుంది.

5. వాడిన లారీలా కనిపించాలంటే

దీనికి గురువు లారీ స్టాండే. అరగంట నిలబడి చూడండి. మట్టి ఎక్కడ పడుతుంది? చక్రాల వెనుక. నూనె మరక ఎక్కడ? డీజిల్ ట్యాంకు మూత కింద. రంగు ఎక్కడ అరిగింది? డ్రైవరు కాలు పెట్టి ఎక్కే మెట్టు మీద. మెత్తని రంగు సుద్దను పొడిగా గీకి, పొడి బ్రష్‌తో ఆ చోట్ల మాత్రమే అద్దండి. అంతటా పూస్తే అది మురికిగా కనిపిస్తుందే తప్ప వాడకంలా కనిపించదు.

6. మా నాయన లారీ

ఇక ఆ రెండో కారణం. మా నాయన లారీ డ్రైవరు. షోలాపూర్ దుప్పట్లు, తువ్వాళ్లు వేసుకొని ఉమర్గా, హుమ్నాబాద్, జహీరాబాద్ మీదుగా హైదరాబాద్ వెళ్లేవాడు. అప్పటి 9వ నంబరు, ఇప్పటి 65వ నంబరు జాతీయ రహదారి అది. ఆయన నడిపింది టాటా లారీ. టాటావారు డైమ్లర్ బెంజ్ సహకారంతో 1954లో లారీల తయారీ మొదలుపెట్టారు. ఆ ఒప్పందం 1969లో ముగిసినా, మా వీధిలో చాలాకాలం దాన్ని బెంజ్ లారీ అనే పిలిచారు.

1978లో కాలేజీలో ఫీజు రాయితీ ఫారం నింపుతూ, తండ్రి వృత్తి అన్నచోట “వ్యాపారం” అని రాశాను. డ్రైవరు అని రాయడానికి సిగ్గుపడ్డాను. ఫారం ఇంగ్లీషులో ఉంది. ఆ ఉదయమే ట్రిప్పు నుంచి వచ్చిన నాయన, “ఇక్కడ నా గురించి ఏం రాసినవ్ బిడ్డా?” అని అడిగాడు. చెప్పాను. ఏమీ అనకుండా తెలుగులో సంతకం పెట్టి ఇచ్చాడు. తరువాత 37 ఏళ్లు ఇతరుల ఫారాల్లో తప్పులు చూపించి దిద్దించాను. నాది దిద్దలేదు. నాయన 1994లో పోయాడు.

ఆ లారీకి సరిపోయే కిట్ నాకు దొరకలేదు. వేరే కిట్ చాసిస్ తీసుకొని, పైభాగం ప్లాస్టిక్ షీటుతో కట్టాను. ఉన్నది ఒక్క ఫోటో, పక్క నుంచి తీసినది. టైరు 9.00-20 సైజు అని ఆయనతో పనిచేసిన పాత డ్రైవరు ఒకాయన చెప్పారు. దాని ఎత్తు సుమారు 1,020 మి.మీ. ఫోటోలో 12 మి.మీ. ఉంది. అంటే ఫోటోలో ఒక మి.మీ. అసలు 85 మి.మీ. బాడీ ఫోటోలో 61 మి.మీ. ఉంది కాబట్టి 61 × 85 = 5,185 మి.మీ., అంటే 17 అడుగులు. నమూనాలో 216 మి.మీ.

సీటు వెనుక పడుకునే పలక వెడల్పు అడిగితే ఆయన “అడుగున్నర” అన్నారు. నమూనాలో అది ముప్పావు అంగుళం. ఆ ముక్క కత్తిరించి చేతిలో పెట్టుకొని చాలాసేపు కూర్చున్నాను. నా చదువుకు డబ్బు వచ్చింది ఆ అడుగున్నర పలక మీద పడుకున్న మనిషి నుంచి.

మన ట్రస్టు దరఖాస్తులో కూడా తల్లిదండ్రుల వృత్తి రాసే గడి ఉంది. మగ్గం నేస్తే నేత అని, బీడీలు చుడితే బీడీలు అని, లారీ నడిపితే డ్రైవరు అని రాయండి.

కిట్ల ఖరీదు ఎక్కువ. అందరూ కొనాలని నేను చెప్పను. ఈ సెలవుల్లో మీ అమ్మానాన్నలు పనిచేసే యంత్రమో, బండో, బల్లో వారినే అడిగి కొలవండి. అడుగుకు అర అంగుళం చొప్పున కాగితం మీద గీయండి. స్కేలు, పెన్సిలు చాలు. గీసిన బొమ్మను ముందుగా వారికే చూపించండి. కొలత ఎక్కడ తప్పిందో వారే చెబుతారు.